ఆదివారం పాము కరవదా?

మా మండలంలో ఒక మాదిగపల్లె. పేరు రాయడం లేదు. రాస్తే పోలీసులు, ఆసుపత్రివాళ్ళు, పార్టీలవాళ్ళు అందరూ ఆ ఇంటి మీదే పడతారు. పోయిన వానాకాలం అక్కడ ఒక కూలితల్లి పాము కరిచి చనిపోయింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. ఇద్దరు పిల్లలు. పెద్దపిల్ల మా బళ్ళోనే ఎనిమిదో తరగతి.

శనివారం పొద్దుగూకేదాకా పత్తిచేలో కలుపు తీసింది. ఇంటికొచ్చి వండి, పిల్లలకు పెట్టి, రేకుల కింద ఉక్కకు తట్టుకోలేక వసారాలో చాప పరుచుకుని పడుకుంది. తెల్లవారుజామున కడుపులో నొప్పి అని లేచింది. ఒంటి మీద వాపు లేదు, నెత్తురు లేదు. తిన్నది అరగలేదేమో అనుకున్నారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. అత్తగారు దీపం దగ్గరపెట్టి చూసి, "ఇది కట్లపామురా, బండి పిలవండి" అంది. ముసలామె ఏ కాలేజీలోనూ చదవలేదు గానీ రోగాన్ని సరిగ్గానే పట్టుకుంది. కట్లపాము కాటు అట్లాగే ఉంటుంది. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. కాటు గుర్తు కూడా సరిగా కనపడదు. కడుపునొప్పి వస్తుంది, రెప్పలు పడిపోతాయి, మింగుడు పడదు, చివరికి ఊపిరి తీసే కండరాలు చచ్చుబడతాయి. వేళకు మందు పడి, ఊపిరికి ఆసరా దొరికితే మనిషి లేచి కూర్చుంటుంది, వారం తిరక్కుండా ఇంటికొస్తుంది.

నాలుగు కిలోమీటర్లు ఆటోలో పి.హెచ్.సి.కి తీసుకుపోయారు. గోడ మీద '24 గంటల వైద్య సేవలు' అని పెద్ద అక్షరాలు. లోపల గదులన్నిటికీ తాళాలు. ఆ ఆదివారం పొద్దున ఆ ఆవరణలో కనపడిన ఒకే ఒక్క మనిషి, వాకిలి ఊడుస్తున్న మన అక్క. కాంట్రాక్టు మీద పనిచేసే ఆ అక్కకు మాత్రం ఆదివారం లేదు. "డాక్టరు గారు సోమవారం వస్తారు. నర్సమ్మ సెలవులో ఉంది. మందుల గది తాళంచెవి టౌనులో ఉంటది" అంది. తర్వాత మేం వెళ్ళి అడిగి తెలుసుకున్న సంగతి ఏమిటంటే, పాముకాటు మందు ఆ గదిలోని ఫ్రిజ్జులో ఉంది. ఆ రోజూ ఉంది. మందు ఉంది, తాళంచెవి లేదు.

108కి ఫోన్ చేశారు. వచ్చింది. అరగంటలోపే వచ్చింది, ఆ మాట కూడా రాయాలి. టౌను ఆసుపత్రికి చేర్చింది. అక్కడ ఒకే డ్యూటీ డాక్టరు, ఎదురుగా రాత్రి లారీ గుద్దిన ముగ్గురు. ఆయన మందు మొదలుపెట్టాడు గానీ, ఊపిరి మిషను నడిపే మనిషి సోమవారం గాని రాడని పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. దారిలోనే ప్రాణం పోయింది. అప్పుడు టైము పదకొండు. పల్లెలో చర్చి గంట కొట్టి, ఆరాధన మొదలై, పాస్టరు గారు ఆమె కోసమే ప్రార్థన చేయిస్తున్న వేళ.

మిత్రులారా, ఈ సంపాదకీయం రాయించింది ఆ చావు ఒక్కటే కాదు. జ్ఞాపకార్థ కూటం నాడు జరిగిన వాదన కూడా.

భోజనాలయ్యాక వేపచెట్టు కింద మగవాళ్ళు చేరారు. మేమూ ఉన్నాం. మాట ఆసుపత్రి మీదికి మళ్ళింది, అక్కణ్ణుంచి పార్టీల మీదికి మళ్ళడానికి బీడీ ముట్టించినంతసేపు కూడా పట్టలేదు. ఫ్యాను గుర్తు కుర్రాడు, "108 పెట్టింది ఎవరు బాబాయ్? రాజశేఖరరెడ్డి. ఆరోగ్యశ్రీ ఎవరిది? ఆయనదే. మేం పదిహేడు మెడికల్ కాలేజీలు తెస్తే వీళ్ళు ప్రైవేటోళ్ళ చేతిలో పెడుతున్నారు" అన్నాడు. సైకిలు గుర్తు బాబాయ్ లేచాడు: "కాలేజీలంటే పునాదులా రా? ఎన్ని కట్టారో లెక్క చెప్పు ముందు. రామారావు గారు రాకముందు మన పల్లె మొహం చూసినోడు ఎవడు?" గాజుగ్లాసు పిల్లలు నలుగురు ఈలలు. కాంగ్రెసు తాత ఒకాయన ఇందిరమ్మ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాడు. మన ఏనుగు గుర్తు తమ్ముడూ ఊరుకోలేదు. "మన ఓటు మనం వేసుకున్నరోజే ఆసుపత్రి మనది" అన్నాడు. మాట నిజమే. కానీ ఆ పూట ఆ మాట కూడా ఆ అరుపుల్లో ఇంకో అరుపే అయింది.

అప్పుడు లోపలినుంచి అత్తగారు వచ్చింది. చేతిలో ఎంగిలాకుల తట్ట. "ఒరేయ్ అబ్బాయిలూ, మీ పార్టీలన్నీ మంచియ్యేరా. నాకొకటి సెప్పండి. ఆదివారం పాము కరవదా? ఆ తాళంచెవి యాడుంటదో మీలో ఎవుడికన్నా తెలుసా?"

ఎవడికీ తెలియదు. నాలుగు పార్టీల కార్యకర్తలు, అందరూ పుట్టింది ఆ మండలంలోనే, ఓటరు లిస్టులో ఎవరి పేరు ఏ పేజీలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. తాళంచెవి ఎక్కడుంటుందో తెలియదు. మాకూ తెలియదు. ఇరవై ఏళ్ళుగా ఉద్యమంలో ఉన్నాం, కరపత్రాలు రాశాం, ధర్నాలు చేశాం, ఆదివారం మన పి.హెచ్.సి.లో ఎవరుంటారని ఒక్కసారి పోయి చూడలేదు. ఇది మా తప్పు. ముందు ఇది రాసుకుని తర్వాత పార్టీల సంగతి రాస్తాం.

వేపచెట్టు కింద జరిగిన వాదన ఏ పల్లెకు పోయినా ఉంది. టీ బంకు దగ్గర, బస్సులో, పెళ్ళి పందిట్లో అదే. ఎవరు ఇచ్చారు, ఎవరు తీసేశారు. ఇచ్చినవాడి ఫొటో ఎంత పెద్దది. కాస్త లెక్క చూద్దాం. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. మొదలుపెట్టింది సత్యం రామలింగరాజు పెట్టిన సంస్థ, తర్వాత రాజశేఖరరెడ్డి ప్రభుత్వం చేయి కలిపి రాష్ట్రమంతా నడిపించింది. అంతకుముందు ఎన్.టి. రామారావు కాలంలో 1986లో వైద్య విధాన పరిషత్ చట్టం వచ్చింది, టౌను ఆసుపత్రులూ జిల్లా ఆసుపత్రులూ దాని కిందికి వచ్చాయి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. అప్పుడు దాని పేరు రాజీవ్ ఆరోగ్యశ్రీ. 2014లో వచ్చిన ప్రభుత్వం ఎన్టీఆర్ వైద్యసేవ అంది. 2019లో వచ్చినవాళ్ళు వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అన్నారు. 2024లో వచ్చినవాళ్ళు మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ అన్నారు. కార్డు మీద బొమ్మ మూడుసార్లు మారింది. పి.హెచ్.సి. ఆదివారం ఒక్కసారి కూడా మారలేదు.

ఈ పథకాలు పనికిరానివని మేం అనడం లేదు. గుండె ఆపరేషను ఆరోగ్యశ్రీలో చేయించుకుని బతికినవాళ్ళు మన పల్లెల్లో ఉన్నారు. 108 లేకపోతే కాన్పుల్లో ఎంతమంది ఆడోళ్ళు దారిలో పోయేవాళ్ళో. కానీ ఆరోగ్యశ్రీ డబ్బు ఎక్కువగా పోయేది పెద్ద ఆపరేషన్లకు, టౌన్లలో ఉన్న ప్రైవేటు ఆసుపత్రులకు. బాకీలు చెల్లించలేదని ఆ ఆసుపత్రులు సేవలు ఆపేయడం అన్ని పార్టీల కాలంలోనూ చూశాం, 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూశాం. 108 బండి మంచిదే. బండి మనిషిని ఎక్కడికో ఒకచోటికి చేర్చాలి కదా. చేర్చినచోట గది తెరిచి ఉండాలి. బండి మీద ముఖ్యమంత్రి బొమ్మ వేయొచ్చు, రిబ్బను కట్ చేయొచ్చు, జెండా ఊపొచ్చు. ఆదివారం రాత్రి డ్యూటీలో కూర్చున్న నర్సమ్మ మీద ఎవడి బొమ్మా వెయ్యలేరు. అందుకే ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఇది మా అభిప్రాయం, కాదన్నవాళ్ళు మాకు రాయండి, అచ్చేస్తాం.

పెద్దిళ్ళవాళ్ళకు ఈ సమస్య లేదు. పాము వాళ్ళ చేలోనూ ఉంటుంది గానీ, వాళ్ళు ఆ చేలోకి దిగరు. దిగేది మనం. వాళ్ళు మంచం మీద, దోమతెర లోపల. మనం చాప మీద. ఒకవేళ కరిచినా కారు ఉంది, టౌన్లో బావమరిది నర్సింగు హోము ఉంది, డాక్టరు సొంత సెల్ నంబరు జేబులో ఉంది. అందుకే ఆదివారం పి.హెచ్.సి. తాళం వాళ్ళకు కనపడదు. మనకు ఆ తాళం తర్వాత మిగిలేది ఇద్దరే. ఒకరు ఆర్.ఎం.పి., ఆదివారం తప్పకుండా దొరుకుతాడు, గ్లూకోజు సీసా ఎక్కిస్తాడు. రెండోది ప్రైవేటు నర్సింగు హోము, ముందు ఇరవై వేలు కట్టమంటుంది. నూటికి ఐదు వడ్డీకి తెచ్చి కడితే, మనిషి బతికినా మూడేళ్ళు ఆ అప్పుకింద బతకాలి.

పాముకాటు ఎక్కడో ఒకచోట జరిగే సంగతని అనుకోకండి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది అని, 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువమంది పల్లెల్లోనే, వానాకాలంలోనే. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మన ఆంధ్ర ఒకటి. 2030కల్లా ఈ చావుల్ని సగానికి తగ్గిస్తామని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ ప్రణాళిక ఒకటి విడుదల చేసింది. మంచిదే. ఆ సగంలో ఆదివారం చచ్చేవాళ్ళు ఏ వైపున ఉంటారో అందులో రాశారో లేదో మరి.

ఇంకో సంగతి మన పిల్లలకు చెప్పండి. ఆ మందు చేయడానికి ముందు పాము విషం కావాలి. దాన్ని గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తంనుంచి మందు తీస్తారు. మన దేశంలో ఆ విషాన్ని సేకరించే పనిలో పేరున్నది మద్రాసు పక్కన ఇరుళ ఆదివాసుల సహకార సంఘం, 1978లో పెట్టుకున్నారు. పాముల్ని చేత్తో పట్టి విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలిపెడతారు. మందు పుట్టేది ఆదివాసుల చేతుల్లో. దానికోసం ఎదురుచూసేది మాదిగపల్లె. మధ్యలో ఒక గది, ఒక తాళం.

ఇప్పుడు డాక్టర్ల సంగతి. ఈ చావు తర్వాత మనవాళ్ళు కొందరు, "ఆ డాక్టర్ని చెట్టుకు కట్టెయ్యాలి" అన్నారు. కోపం మాకు అర్థమవుతుంది. ఒప్పుకోం. ఆదివారం సెలవు అనేది డాక్టరు సోమరితనంనుంచి పుట్టలేదు. ఈ దేశంలో ఆదివారం సెలవును కొట్లాడి తెచ్చింది మన పరంపరే. జోతిరావు ఫూలే సత్యశోధక సమాజంలో పనిచేసిన నారాయణ మేఘాజీ లోఖండే 1884లో బొంబాయి మిల్లు కార్మికుల సంఘం పెట్టాడు. ఏళ్ళ తరబడి అర్జీలు, సభలు. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. తర్వాత బాబాసాహెబ్ అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్నప్పుడు, 1946లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి వారానికి 54 గంటల పనిని 48 గంటలకు దించే బిల్లు పెట్టాడు. పనిచేసే మనిషికి విశ్రాంతి హక్కు. నర్సుకైనా డాక్టరుకైనా అంతే. ఆ హక్కు పత్తిచేలో కలుపు తీసే మనిషికి ఇప్పటికీ రాలేదు, వాకిలి ఊడ్చే కాంట్రాక్టు అక్కకూ రాలేదు, అది ఇంకో పోరాటం.

అదే లోఖండే ఎట్లా చనిపోయాడు? 1897లో బొంబాయిలో ప్లేగు వచ్చినప్పుడు రోగుల మధ్య పనిచేస్తూ, తనకూ ప్లేగు సోకి చనిపోయాడు. ఆ ఏడాదే మార్చి 10న పూణేలో సావిత్రిబాయి ఫూలే పోయింది. ఊరి బయట మహర్ల వాడలో ప్లేగు పడిన పిల్లాణ్ణి వీపున మోసుకుని, కొడుకు యశ్వంత్ నడుపుతున్న వైద్యశాలకు తీసుకొచ్చింది. ఆమెకూ సోకింది. సెలవు అడిగినవాళ్ళూ, రోగిని వీపున మోసినవాళ్ళూ ఒకే ఇంటి మనుషులు. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డమని వాళ్ళు అనుకోలేదు.

మేం బడిపంతుళ్ళం, ఆదివారం సెలవు తింటున్నవాళ్ళమే. అందుకని పూర్తి నిజాయితీతో అడుగుతున్నాం: ఒక మనిషి సెలవు తీసుకుంటే ఇంకో మనిషి ఉండాలి కదా? మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు ఒక పి.హెచ్.సి. అని లెక్క. అంతమందికి ఒక్క డాక్టరే ఉంటే, ఆయన ఏడు రోజులూ ఇరవై నాలుగు గంటలూ ఉండాలనడం దొరతనమే. క్వార్టర్సు పైకప్పు కూలిపోయి ఉంటే, నర్సమ్మ రాత్రి ఒక్కతీ ఆ ఆవరణలో తలుపు గడియ కూడా లేని గదిలో ఎట్లా పడుకుంటుంది? పోస్టులు నింపమనేది, క్వార్టర్సు బాగుచేయమనేది డాక్టర్లు అడగాలి, మనమూ వాళ్ళతో కలిసి అడగాలి. కానీ ఇంకో మాట కూడా దాచం. రిజర్వేషన్ మీద చదువుకుని డాక్టర్లయిన మన పిల్లలు కూడా టౌన్లో కాపురం పెట్టి, శనివారం మధ్యాహ్నం బస్సెక్కి, సోమవారం పదింటికి దిగుతున్నారు. మీరు కూడా అట్లాగే చేస్తే పల్లె ఎవరికేసి చూడాలి నాయనా?

డాక్టర్ల సెలవును పార్టీలు ఎట్లా వాడుకుంటాయో ఇంగ్లండులో ఒక పాఠం ఉంది. అక్కడ 1948నుంచి చాలావరకు ఆసుపత్రులు జనం సొమ్ముతో నడుస్తాయి, రోగి జేబు చూడరు. 2015 ఎన్నికల్లో అక్కడి కన్సర్వేటివ్ పార్టీ 'ఏడు రోజుల ఆసుపత్రి' అని వాగ్దానం చేసింది. శని ఆదివారాల్లో చేరిన రోగులు ఎక్కువగా చనిపోతున్నారని ఆ ఏడాది ఒక అధ్యయనం వచ్చింది. అవన్నీ ఆపగలిగిన చావులేనని అనుకోవద్దని అది రాసినవాళ్ళే హెచ్చరించారు. మంత్రి ఆ అంకె పట్టుకుని డాక్టర్ల మీద పడ్డాడు. అదనంగా మనుషుల్ని పెట్టకుండా ఉన్నవాళ్ళనే ఆదివారానికి సాగదీస్తారా అని జూనియర్ డాక్టర్లు 2016లో సమ్మెకు దిగారు. మన దగ్గరా రేపు ఏ మంత్రైనా 'ఆదివారం రాని డాక్టర్ల ఉద్యోగం పీకేస్తా' అని మైకులో అరిస్తే చప్పట్లు కొట్టకండి. ఎంతమందిని కొత్తగా వేశావని అడగండి.

ఆదివారం పని జరగదా అంటే, ఈ ప్రభుత్వాలకు అది చేతకానిదేమీ కాదు. పోలియో చుక్కలు గుర్తున్నాయా? 1995నుంచి దేశమంతా వేశారు. చుక్కల రోజు ఎక్కువగా ఆదివారమే. మేమూ ఎన్నో ఆదివారాలు బూతుల్లో కూర్చున్నాం, పిల్లల చిటికెన వేలికి గుర్తు పెట్టాం. అదే డాక్టరు జీపులో తిరిగాడు. అదే నర్సమ్మ ఐసు డబ్బా భుజాన వేసుకుని ఏడింటికల్లా మన పల్లెలో ఉంది. రానివాళ్ళ కోసం తర్వాతి రోజుల్లో ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టారు. ముఖ్యమంత్రులు మారారు, పార్టీలు మారాయి, ఆ ఆదివారాలు ఆగలేదు. దేశంలో చివరి కేసు 2011 జనవరిలో బెంగాల్లో వచ్చింది. 2014 మార్చిలో పోలియో పోయిందని సర్టిఫికెట్ ఇచ్చారు. ఎందుకు చేయగలిగారు? మాకు ఒక అనుమానం. పోలియో పురుగు మాదిగపల్లెలో ఉంటే అది కాలవ దాటి పెద్దిళ్ళలోకి కూడా పోతుంది. కట్లపాము కాటు మన చాప దాటి పోదు.

ఓటు సంగతీ అంతే. ఏ ఓటరూ 2 కిలోమీటర్లకంటే ఎక్కువ నడవకూడదని ఎన్నికల సంఘం నియమం. ముసలాళ్ళకు చక్రాల కుర్చీ, ఎండకు పందిరి, మంచినీళ్ళు. మనం ఓటేసే రోజు ప్రభుత్వం మన గుమ్మంలోకి నడిచొస్తుంది. చచ్చే రోజు పెద్దాసుపత్రికి రమ్మంటుంది. బ్రాందీ షాపు ఆదివారం మూసి ఉండటం ఎవరైనా చూశారా?

చట్టం సంగతి కార్యకర్తలు బాగా చదువుకోవాలి. పి.హెచ్.సి.లు ఎట్లా నడవాలో కేంద్రం రాసిన ప్రమాణాలున్నాయి. 2012లో సవరించినప్పుడు స్పష్టంగా రాశారు: మామూలు ఓ.పి. వారానికి ఆరు రోజులు. అత్యవసర సేవ 24 గంటలూ. ఆ అత్యవసర సేవల్లో కుక్కకాటు, పాముకాటు, తేలుకాటు పేరుపెట్టి రాశారు. ఆ సమయంలో ముఖ్యంగా నర్సులు చూస్తారు, అవసరమైతే పిలిచినప్పుడు డాక్టరు రావాలి. అంటే ఆదివారం ఓ.పి. లేకపోవడం తప్పు కాదు. పాము కరిచిన మనిషికి గది తెరవకపోవడం తప్పు. ఈ తేడా తెలియకుండా వెళ్ళి గొడవపడితే, ఆదివారం మాకు సెలవండీ అని ఒక్క మాటతో మన నోరు మూయిస్తారు.

సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో, ప్రాణం మీదికి వచ్చిన మనిషికి ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు వైద్యం చెయ్యాలని చెప్పింది. 1992లో బెంగాల్లో హకీం షేక్ అనే కూలీ రైలునుంచి పడి తలకు దెబ్బ తగిలితే, ఒక సర్కారు ఆసుపత్రి తర్వాత ఇంకొకటి పడకలు లేవని తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో 17 వేలు ఖర్చుపెట్టుకుని బతికాడు. ఆయన తరఫున కోర్టుకు వెళ్ళింది ఏ పెద్ద పార్టీ కాదు, అక్కడి వ్యవసాయ కూలీల సంఘం. 1996లో తీర్పు వచ్చింది. సర్కారు ఆసుపత్రి వేళకు వైద్యం చేయకపోతే 21వ అధికరణం కింద జీవించే హక్కును కాలరాసినట్టేనని, డబ్బులు లేవనే సాకు చెల్లదని, ఆయనకు 25 వేలు నష్టపరిహారం ఇవ్వమని. ఒక కూలీ సంఘం చేసిన పని అది. మనమెంత?

కాబట్టి ఓటు ఎవరికి వేస్తారో మీ ఇష్టం, ఈ పేజీ ఎవరి గుర్తూ అచ్చు వేయదు. మీ పల్లెకు ఏ జెండాతో ఎవరు వచ్చినా వేపచెట్టు కింద కూర్చోబెట్టి అత్తగారి ప్రశ్న అడగండి. ఆదివారం మన పి.హెచ్.సి.లో డ్యూటీ ఎవరిది? పాముకాటు మందు సీసాలు ఎన్ని ఉన్నాయి? తాళంచెవి ఎవరి దగ్గర? పదిహేడు కాలేజీల లెక్క, పాతిక లక్షల బీమా లెక్క తర్వాత మాట్లాడుకోవచ్చు. తాళంచెవికి బడ్జెట్ అక్కర్లేదు, అసెంబ్లీలో బిల్లు అక్కర్లేదు.

మేం ఆ పి.హెచ్.సి.కి అర్జీ పట్టుకుని నలభై మందిమి వెళ్ళాం. డాక్టరు గారు మర్యాదగానే మాట్లాడాడు, కుర్చీలు వేయించాడు. ఆయన బాధలు ఆయన చెప్పుకున్నాడు. మందుల గదికి రెండో తాళంచెవి చేయించి డ్యూటీ గదిలో పెట్టిస్తానన్నాడు. వారం తర్వాత వెళ్ళి చూస్తే గోడ మీద ఒక కాగితం అతికించి ఉంది, ఆదివారం డ్యూటీ పేర్లు, రెండు ఫోన్ నంబర్లు. ఒక నంబరు పలుకుతోంది. రెండోది స్విచాఫ్. తాళంచెవి ఇంకా చేయించలేదు. మళ్ళీ వెళ్తాం.

మిగతా మండలాల కార్యకర్తలకు చెప్పేది ఇది. సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, తెల్లకార్డు ఉన్నవాళ్ళకు అదీ లేదు, కార్డు జిరాక్సు జతచేస్తే చాలు. మంజూరైన పోస్టులు ఎన్ని, నిండినవి ఎన్ని, గడిచిన మూడు నెలల ఆదివారం డ్యూటీ చార్టులు, పాముకాటు మందు స్టాకు రిజిస్టరు నకలు, ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో సభ్యుల పేర్లు అడగండి. ఆ సంఘంలో మన పల్లెనుంచి ఎవరైనా ఉన్నారా, ఉంటే మీటింగుకు పిలుస్తున్నారా, ఇంటికి పుస్తకం పంపి సంతకం పెట్టించుకుంటున్నారా, అదీ కనుక్కోండి. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని అదే చట్టంలో ఉంది, ఆ మాట అర్జీ పైన పెద్దక్షరాలతో రాయండి.

వచ్చే నాలుగు ఆదివారాలు పల్లెకు ఇద్దరు చొప్పున మీ పి.హెచ్.సి.కి పోండి. ఒకరు ఆడమనిషి అయితే మంచిది. పొద్దున ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి. గేటు తెరిచి ఉందా, ఎవరున్నారు, మందుల గది తెరవగలరా, చూసింది చూసినట్టు నోటుపుస్తకంలో రాసి పంపండి. గొడవ పడొద్దు, సెల్‌ఫోన్ తీసి నర్సమ్మ మొహం మీద పెట్టొద్దు. తెరిచి ఉంటే అదీ రాయండి, ఆ నర్సమ్మ పేరు ఆమె ఒప్పుకుంటేనే వేస్తాం. వచ్చినవి వచ్చినట్టు పై సంచిక వెనక అట్ట మీద అచ్చేస్తాం. మొదటి పుస్తకం ఇప్పటికే చేతికి వచ్చింది. రాసింది ఆ ఎనిమిదో తరగతి పిల్ల. ఆదివారం ఉదయం 6 గంటల 10 నిమిషాలు, గేటు తెరిచి ఉంది, ఊడ్చే అక్క ఉంది, మందుల గదికి తాళం ఉంది అని రాసింది.